ప్రకాశం బ్యారేజీ, పులిచింతల: బెజవాడకు ఏది ఆసరా?

భవానీ ద్వీపం చుట్టూ నిండుగా ఉన్న కృష్ణమ్మను చూస్తే బోలెడు నీళ్లున్నాయనిపిస్తుంది. నిజానికి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనుక నిలిచేది సుమారు 3 టీఎంసీలే. కాలువలకు వదిలితే ఎన్నో రోజులు ఆగవు. నీటిమట్టం పెంచి తూర్పు, పశ్చిమ కాలువలకు మళ్లించడమే బ్యారేజీ పని.

నీళ్లు దాచిపెట్టేది పులిచింతల రిజర్వాయర్. ఎగువన దాదాపు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది, సామర్థ్యం 45.77 టీఎంసీలు. నారుమళ్ల వేళకు ఇందులో నీళ్లుంటే డెల్టా రైతు సాగర్ నిండేదాకా ఎదురుచూడక్కర్లేదు. అందుకే నా ఓటు దీనికే.

వరదకు మాత్రం రెండూ చాలవు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. ఆ లెక్కన రోజుకు 95 టీఎంసీలు! ఖాళీ పులిచింతలైనా పూట తిరక్కుండానే నిండిపోతుంది. పైగా అప్పుడు పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను (గేటు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను) గుద్దాయి. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోతే, స్టాప్‌లాగ్ (గేటు బదులు నీళ్లను ఆపే తాత్కాలిక అడ్డు) పెట్టడానికి నిల్వ నీళ్లను సముద్రంపాలు చేయాల్సి వచ్చింది. కొత్త రిజర్వాయర్ల మాట తర్వాత, ముందు ఈ గేట్ల మెయింటెనెన్స్‌కు ఏటా డబ్బులివ్వాలి.