ఆజ్ఞలు వినడానికి ఏ గొంతు? ఒక ఆడియో బైబిల్ గురించి నా మాట

ఆడియో బైబిల్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. సంగీతం, అరుపులు, పదిమంది నటులతో నాటకంలా తీసిన రికార్డింగ్ కాకుండా, ఒకే మనిషి మొదటి నుంచి చివరిదాకా చదివిన రికార్డింగ్ ఎంచుకోండి. కథల వరకు అయితే నాటకంలా తీసిందే బాగుంటుంది, కాదనను. దావీదు గొల్యాతు ఎదురుపడే చోట పిల్లలు కదలకుండా కూర్చుని వింటారు. తేడా వచ్చేది ఆజ్ఞల దగ్గరే. సండే స్కూల్లో పిల్లల చేత పది ఆజ్ఞలు కంఠతా పట్టించేదాన్ని కాబట్టి ఏ ఆడియో బైబిల్ చేతికొచ్చినా నేను ముందు తెరిచేది నిర్గమకాండం 20వ అధ్యాయం. అక్కడ ఎలా చదివారో వింటే మిగతాది ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది.

నేను వాడుతున్న యాప్‌లో రెండు రకాల రికార్డింగులూ ఉన్నాయి. పాఠం ఒకటే, మనకు అలవాటైన పాత అనువాదం.

నాటకంలా తీసిన దాంట్లో, దేవుడు ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ ఘట్టం ఉరుములతో మొదలవుతుంది. అందులో తప్పేం లేదు. ఉరుములు, మెరుపులు, బూర ధ్వని, పొగ అన్నీ వాక్యంలో ఉన్నవే. కానీ ఆ ఉరుముల హోరు రెండో వచనం మీద పడింది. "నీ దేవుడనైన యెహోవాను నేనే" అన్న మాట, దాసుల గృహమైన ఐగుప్తు (ఈజిప్టు) నుంచి నిన్ను బయటికి తెచ్చింది నేనే అన్న మాట, రెండూ ఆ చప్పుడులో సగం కొట్టుకుపోయాయి. ఆ తర్వాత హోరు ఆగి, "ఉండకూడదు" అన్న మాట మాత్రం గట్టిగా, స్పష్టంగా వినిపిస్తుంది. అక్కణ్ణించి ప్రతి "కూడదు" దగ్గరా గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. క్లాసులో ఇది పెట్టినప్పుడు ముందు వరసలో కూర్చున్న చిన్నపాప చెయ్యెత్తి, "టీచర్, దేవుడు ఎందుకు అరుస్తున్నాడు?" అని అడిగింది. అప్పుడే ఆపేశాను.

ఒకే గొంతుతో చదివిన రికార్డింగ్‌లో ఆ రెండో వచనానికి దాని చోటు దానికి దక్కింది. చదివే ఆయన తొందరపడలేదు. "దాసుల గృహమైన" అన్న చోట గొంతు కొంచెం బరువెక్కుతుంది, "వెలుపలికి రప్పించితిని" అన్నాక ఒక్క క్షణం ఆగుతాడు. అప్పుడు గానీ మొదటి ఆజ్ఞకు రాడు. ఆ ఆగడంలోనే ఆ అధ్యాయం అర్థమంతా ఉందని నాకనిపిస్తుంది. ఇశ్రాయేలీయులు ఆజ్ఞలు పాటించారని దేవుడు వాళ్లను ఐగుప్తు నుంచి తేలేదు. ముందు విడిపించాడు, సముద్రం దాటించాడు, ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం పెట్టాడు, ఆ తర్వాత కొండ దగ్గరికి తెచ్చి మాట్లాడాడు. యూదులు పది ఆజ్ఞలను పది మాటలంటారు, వాటిని లెక్కపెట్టేటప్పుడు ఈ వచనాన్నే మొదటి మాటగా లెక్కిస్తారు. ఏం చేయాలో చెప్పకముందే, చెబుతున్నది ఎవరో చెప్పే మాట అది. "రోడ్డు మీదికి పరుగెత్తకు" అని అమ్మ అన్నా, ముక్కూమొహం తెలియని కాపలావాడు అన్నా మాటలు అవే. అమ్మ గొంతు గట్టిగా ఉన్నా పిల్లాడు ఆమె వైపే పరుగెత్తుకొస్తాడు.

ఈ యాప్‌లో నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి, అధ్యాయం అయిపోయాక ఆగకుండా తర్వాతి అధ్యాయంలోకి దానంతట అదే వెళ్లిపోవడం. చిన్న విషయమే అనిపిస్తుంది గానీ ఆజ్ఞల విషయంలో ఇది చాలా మేలు చేస్తుంది. పది ఆజ్ఞలు వినేసి అక్కడితో ఆపేసేవాళ్లం, 21వ అధ్యాయంలోకి జారిపోతాం. అక్కడ మొదలయ్యే న్యాయవిధుల్లో మొట్టమొదటిది దాసుణ్ణి విడిచిపెట్టడం గురించి: ఆరేళ్లు పనిచేస్తే ఏడో ఏట ఊరకే స్వతంత్రుడై వెళ్లిపోవాలి. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు ఇచ్చిన విధులు ఇలా మొదలయ్యాయి. వెంటనే ఇంకో మాట వస్తుంది. వెళ్లిపోయే హక్కు ఉన్నా ఆ దాసుడు, నా యజమానుణ్ణీ నా భార్యనూ నా పిల్లలనూ ప్రేమిస్తున్నాను, వెళ్లను అంటే, అతన్ని ద్వారబంధం దగ్గరికి తీసుకెళ్లి చెవిని కదురుతో గుచ్చాలి. తలుపు తెరిచే ఉంది, అయినా ప్రేమ వల్ల ఉండిపోయాడు. గుర్తు పడింది చెవి మీద, యజమాని మాట వినే చెవి మీద! ఎన్నోసార్లు చదివిన భాగమే అయినా పది ఆజ్ఞల వెనకాలే చెవిన పడేసరికి దీన్ని వదల్లేకపోయాను. ఆరోజు మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను.

22వ అధ్యాయంలో తాకట్టు పెట్టిన బట్ట గురించి ఉంది. పొరుగువాడి వస్త్రాన్ని కుదవకు తీసుకుంటే పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చేయాలి, వాడికి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, లేకపోతే ఏం కప్పుకుని పడుకుంటాడు అని దేవుడే అడుగుతాడు. వాడు నాకు మొరపెడితే నేను వింటాను, నేను దయగలవాణ్ణి అని ముగిస్తాడు. మనల్ని వినమని చెప్పేవాడు తానూ వింటున్నాడు. చలికి వణికేవాడి మూలుగు వినే దేవుడు కాబట్టే ఆ ఆజ్ఞ పుట్టింది. ఒకే గొంతులో విన్నప్పుడు కఠినమైన ఆజ్ఞలు చదివినవాడే ఈ మాటా చదువుతాడు. నాటకంలో ఆజ్ఞలకు ఒక గొంతు, దయకు వేరే గొంతు పెట్టారు. ఇది చిన్న లోపం కాదు. అది వింటూ పెరిగే పిల్లలు ఇద్దరు దేవుళ్లున్నారనుకుంటారు.

లేవీయకాండం చాలామంది దాటేసే పుస్తకం. చదవడం కష్టమనిపిస్తే కనీసం 19వ అధ్యాయం వినండి. చేను కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయొద్దు, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు. చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి ముందు అడ్డం వేయకు. చెవిటివాడికి ఆ తిట్టు వినపడదు కదా, అయినా వినేవాడు ఒకడున్నాడు. ఇలా ఒక్కో ఆజ్ఞ తర్వాత "నేను యెహోవాను" అన్న మాట అధ్యాయం పొడుగునా వస్తూనే ఉంటుంది. కళ్లతో చదివేటప్పుడు ఆ మాట మీద నుంచి చూపు జారిపోతుంది. వినేటప్పుడు తప్పించుకోలేం. మా చదువరి దాన్ని ప్రతిసారీ ఒకే రీతిగా, సంతకం పెట్టినట్టు నెమ్మదిగా అంటాడు. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్నది ఇక్కడే, కూలీ డబ్బుల మధ్య, చేను గట్ల మధ్య ఉంది. యేసుప్రభువు రెండో గొప్ప ఆజ్ఞగా తీసి చూపించింది ఈ అధ్యాయంలోదే.

ఇక ద్వితీయోపదేశకాండం. ఈ రికార్డింగ్‌లో అన్నిటికన్నా బాగా వచ్చింది ఇదే. మోషే చివరి రోజుల్లో జనంతో మాట్లాడిన మాటలు ఇవి, అసలు చెవులతో వినాల్సినవే. ఏడేళ్లకోసారి పర్ణశాలల పండుగలో పురుషులు, స్త్రీలు, పిల్లలు, పరదేశులు అందరూ వినేలా ఈ ధర్మశాస్త్రాన్ని చదివి వినిపించాలని 31వ అధ్యాయంలో ఉంది. ఐదో అధ్యాయం చివర్లో జనం, నువ్వే దేవుడి మాట విని మాకు చెప్పు, మేం విని చేస్తాం అంటారు. దేవుడు ఆ మాట విని, వాళ్లకూ వాళ్ల పిల్లలకూ ఎప్పటికీ మేలు కలిగేలా ఇలాంటి మనసే వాళ్లకుంటే ఎంత బాగుండు అంటాడు. అది ఆజ్ఞ కాదు, కోరిక. ఒక తండ్రి పైకి అనేసిన మాట. చదువరి అక్కడ గొంతు తగ్గించాడు. మా అమ్మకు ఇప్పుడు అక్షరాలు సరిగా ఆనవు, నాతోపాటు వింటోంది. ఆ మాట రాగానే "మళ్లీ పెట్టవే" అంది. పెట్టాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాతే "ఇశ్రాయేలూ వినుము" వస్తుంది, పూర్ణహృదయంతో ప్రేమించమన్న ఆజ్ఞ వస్తుంది. పదో అధ్యాయంలో అయితే ఈ ఆజ్ఞలన్నీ నీ మేలు కొరకే అని సూటిగా చెప్పేస్తాడు. ఇంటి మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టు, ఎవరైనా పడిపోతారు అన్నదీ, కొత్తగా పెళ్లయినవాణ్ణి ఏడాదిపాటు యుద్ధానికి పంపొద్దు, ఇంటి దగ్గర భార్యను సంతోషపెట్టనివ్వు అన్నదీ ఈ పుస్తకంలోవే. ఇవన్నీ ప్రేమ ఎలా ఉంటుందో కొలతలతో సహా చూపించే మాటలు.

అలాగని ఈ రికార్డింగ్ అన్నిటినీ మెత్తగా చేసేసిందనుకోవద్దు. 28వ అధ్యాయంలోని శాపాలను చదువరి ఎక్కడా తగ్గించలేదు, తేనె పూయలేదు. వినడం కష్టంగానే ఉంటుంది, ఉండాలి కూడా. ప్రేమించేవాడు ప్రమాదం గురించి గొణగడు. ఈ మధ్య కొన్ని భక్తి రికార్డింగుల్లో వాక్యం వెనకాల నిద్రపుచ్చే సంగీతం పెడుతున్నారు, అది నాకు నచ్చదు. అరుపు ఎంత తప్పో జోలపాట కూడా అంతే తప్పు.

119వ కీర్తన 176 వచనాలు, హెబ్రీ అక్షరమాల వరసలో ఎనిమిదేసి వచనాల 22 భాగాలు. ఈ యాప్‌లో ఏ భాగానికి ఆ భాగం విడిగా వినే వీలుంది. రోజుకొకటి వినొచ్చు. ఇందులో ఆజ్ఞల గురించి మాట్లాడేది దేవుడు కాదు, వాటిని విన్న మనిషి. ధర్మశాస్త్రం నాకెంతో ప్రియమంటాడు, తేనె కన్నా తీపి అంటాడు. ఆజ్ఞల దారిలో నడవడం కాదు, పరుగెత్తుతానంటాడు, నువ్వు నా హృదయాన్ని విశాలం చేసినప్పుడు అని ఒక మాట చేర్చి మరీ. లోబడే శక్తి కూడా ఆయన ఇస్తేనే వస్తుందని అతనికి తెలుసు. ఈ కీర్తన చదవడంలో మాత్రం చదువరి కాస్త వేగం పెంచాడు. స్పీడు 0.75కి తగ్గించి వినండి, బాగుంటుంది.

యోహాను సువార్త 13 నుంచి 17 వరకు ఒకే కూర్చోవడంలో వినాలని నా సలహా. మీరు నన్ను ప్రేమిస్తే నా ఆజ్ఞలను గైకొంటారు అన్న 14:15 ఒక్కటే విడిగా వింటే షరతులా వినిపిస్తుంది, ప్రేమను నిరూపించుకో అన్నట్టు. 13వ అధ్యాయం నుంచి వస్తే అప్పుడే యేసు తువాలు నడుముకు కట్టుకుని వాళ్ల కాళ్లు కడిగాడు, పళ్లెంలో నీళ్లు ఇంకా అక్కడే ఉండి ఉంటాయి. ఒకరినొకరు ప్రేమించుకోండి అన్న కొత్త ఆజ్ఞ ఆ చేతుల నుంచి వచ్చింది. 15వ అధ్యాయంలో, నేను నా తండ్రి ఆజ్ఞలు గైకొని ఆయన ప్రేమలో ఉన్నట్టే మీరూ అంటాడు. అంటే ఆయన మన నుంచి అడిగింది తాను ముందు చేసినదే. దాసులని కాదు, స్నేహితులని పిలిచింది కూడా అక్కడే.

అదే సువార్త 21వ అధ్యాయంలో యేసు తన శిష్యుడు పేతురుతో మాట్లాడే చోటును నాటకంలా తీసినవాళ్లు కూడా బాగా తీశారు, ఆ మాట ఒప్పుకోవాలి. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడగడం, మూడుసార్లూ ఆ వెంటనే గొర్రెల్ని మేపమని పని అప్పజెప్పడం. పేతురు పాత్రధారి మూడోసారి జవాబు చెప్పేటప్పుడు గొంతు వణికింది. ఒక్క సంగీత వాయిద్యం కూడా లేదు. మిగతాదంతా ఇలా తీసి ఉంటే ఎంత బాగుండేది!

యాప్ విషయానికొస్తే, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నిద్ర టైమర్ ఉంది. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుంటుంది. పాత అనువాదంలోని పొడుగాటి మాటలను చదువరి చక్కగా విరిచి చదువుతాడు, పెద్దవాళ్లకు చాలా తేలికగా అందుతుంది.

నాకు అస్సలు నచ్చనివి రెండున్నాయి. ఒకటి, "రోజుకో ఆజ్ఞ" అని పొద్దున్నే ఫోన్ తెర మీద వచ్చే నోటిఫికేషన్. ముందూ వెనకా లేకుండా ఒక్క వాక్యం, "దొంగిలకూడదు" అని. చెప్పినవాడెవరో లేడు, ఐగుప్తు లేదు, ఏమీ లేదు. రెండోది, వరసగా ఎన్ని రోజులు విన్నామో లెక్కపెట్టే పట్టిక. ఒక్కరోజు మానేస్తే అంకె సున్నాకు పడిపోతుంది. మా క్లాసులో పదమూడేళ్ల అబ్బాయి దాని కోసం టెన్షన్ పడి, నిద్రపోయే ముందు ఫోన్ దిండు పక్కన పెట్టి వినకుండానే అధ్యాయం నడిపించేస్తున్నాడని వాళ్లమ్మ చెప్పింది. ఆయన ఆజ్ఞలు భారమైనవి కావని యోహాను తన మొదటి పత్రికలో రాశాడు. ఆ లెక్క భారం మనం తెచ్చిపెట్టుకున్నది. వాడికి ఆ పట్టిక ఆఫ్ చేసి ఇచ్చాను. ఇప్పుడు కొన్ని రోజులు వింటాడు, కొన్ని రోజులు వినడు, విన్నరోజు ఏదో ఒక ప్రశ్నతో వస్తాడు. కదురుతో చెవి గుచ్చితే నొప్పి పుట్టదా అని మొన్న అడిగాడు.

యాప్ పెట్టుకోగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ రెండూ ఆపేయండి, ఒకే గొంతు రికార్డింగ్ ఎంచుకోండి, తర్వాతి అధ్యాయం దానంతట అదే మొదలయ్యే మీట ఆన్‌లో ఉంచండి. నిర్గమకాండం 19 నుంచి మొదలుపెట్టండి, 20 నుంచి కాదు. మిమ్మల్ని గద్ద రెక్కల మీద మోసి నా దగ్గరికి తెచ్చుకున్నాను అన్న మాట అక్కడ ఉంది.