మూడేళ్లు కలిసి బతికాక మా త్రిభుజాల గోడ

మా హాల్లో సోఫా వెనకాల గోడకు రంగురంగుల త్రిభుజాల డిజైన్ వేసుకుని మూడేళ్లు దాటింది. కొత్తగా వేసిన గోడ ఎవరికైనా ముద్దుగానే ఉంటుంది. రోజూ దానికి ఆనుకుని కూర్చుని, తుడిచి, చెడిన చోట సరిచేసుకున్నాకే మంచీచెడూ తెలుస్తాయి. ఆ గోడంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అయినా మళ్లీ వేస్తే కొన్ని పనులు వేరుగా చేస్తాను.

ముందు లేత బూడిద రంగు ఎమల్షన్ రెండు కోటింగ్‌లు వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, పెన్సిలుతో గీతలు కొట్టి, రంగు అంచు దాటకుండా ఆపే మాస్కింగ్ టేప్ అంటించాను. గది మూలలు, సీలింగ్ అంచు తిన్నగా ఉంటాయని మాత్రం నమ్మకండి. వంకర చూపించే నీటిబుడగ సాధనం, స్పిరిట్ లెవెల్, పెట్టి గీసిందే గీత. నాకు ముందు తట్టని సంగతి ఇంకొకటుంది. పక్కపక్కనున్న రెండు త్రిభుజాలకు ఒకేసారి రంగు వేయలేం, ఒకదాని అంచుకు వేసిన టేప్ పక్కదాని మీద కూర్చుంటుంది కదా. ఒకటి విడిచి ఒకటి వేసి, అవి బాగా ఆరాకే మిగతావి. అలా రెండు వారాంతాలు పట్టింది. త్రిభుజాల మధ్య టేప్ వెడల్పున బూడిద గీత వదిలేసే డిజైన్ ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

ఈ గోడ అందమంతా అంచుల్లోనే ఉంది. టేప్ అంటించాక దాని అంచు మీద ముందు టేప్ కింద ఉన్న రంగే, అంటే మొదటి విడత త్రిభుజాలకు ఆ బూడిద రంగు, తర్వాతివాటికి పక్క త్రిభుజం రంగు, పల్చగా ఒకసారి రాయండి. టేప్ కింద సన్నటి సందులుంటే అందులోకి అదే దిగి మూసేస్తుంది, పైన వేసే రంగు లోపలికి పాకదు. ఇలా చేసిన అంచులు ఈరోజుకీ కత్తితో కోసినట్టున్నాయి. తొందరపడి మానేసిన రెండు చోట్ల రంగు కారి పళ్లపళ్లుగా కనిపిస్తుంది, నా చూపు రోజూ అక్కడికే పోతుంది. చివరి కోటింగ్ ఇంకా కాస్త పచ్చిగా ఉండగానే టేప్‌ను వెనక్కి మడిచి ఏటవాలుగా, నిదానంగా లాగాలి. ఒక రాత్రి అలాగే వదిలేస్తే పొద్దునకి రంగు పొర టేప్‌తో పాటు సాగి చిరిగింది. ఆరిపోతే ముందు బ్లేడుతో అంచు వెంట సన్నగా గీసి తర్వాత లాగడమే దారి. ఒక మూలైతే అరచేయంత పుట్టీ ఊడి టేప్‌కే వచ్చేసింది. కింద పాత సున్నం పొడిపొడిగా ఉంటే, రంగు పట్టుకోవడానికి ముందు వేసే ప్రైమర్ పూత వేయకుండా పని కానిచ్చిన ఫలితం అది.

వాడకంలో దెబ్బతిన్నది మెరుపు లేని మ్యాట్ ముదురు నీలం. తల ఆనే ఎత్తులో జిడ్డు మరక పడితే తడిగుడ్డతో తుడిచాను. మరక పోయింది కానీ అక్కడ నున్నగా మెరిసే మచ్చ మిగిలింది, లైటు వేస్తే పళ్లెమంత కనబడేది. దాచుకున్న డబ్బాలోని అదే రంగుతో ఆ మేర అద్దితే అతుకు ఇంకా బాగా తెలిసింది. చివరికి చుట్టూ టేప్ వేసి ఆ ఒక్క త్రిభుజం మొత్తం వేశాను, అంతే, అతుకే లేదు. ఒకే రంగు గోడైతే గోడంతా వేయాల్సి వచ్చేది. ఈ డిజైన్ మీద నాకు ప్రేమ పెరిగింది ఆ రోజే. చెయ్యీ తలా తగిలే ఎత్తు వరకు తుడవడానికి వీలైన, కాస్త మెరుపుండే శాటిన్ ఫినిష్ రంగు తీసుకోండి. ప్రతి రంగూ కొంచెం గాలి చొరని డబ్బాలో దాచి, మీద రంగు నంబరు రాసుకోండి.

పోయిన నెల మూలనున్న రెండు చిన్న త్రిభుజాలను కలిపి ఒకటి చేద్దామనుకున్నాను. రెండు కోటింగ్‌లు వేసినా, సాయంత్రం పక్కనుంచి వెలుతురు పడగానే పాత గీత లోపలినుంచి తేలింది. టేప్ అంచున పేరుకున్న రంగు గట్టు అది, వేలితో తడిమితే తగులుతుంది. సాండ్ పేపర్‌తో అరగదీసి, ప్రైమర్ రాసి, మళ్లీ రంగు వేశాక గానీ పోలేదు. ఇప్పుడు అక్కడ ఒక్కటే పెద్ద ఆవపిండి రంగు త్రిభుజం ఉంది. మిగతావాటిని కదిలించాలని లేదు.