జర జరుగుండ్రి: ముంబైలో నాలుగు రోజులు

మాటుంగాలో కేఫ్ మద్రాస్ ముందు పేరు రాయించుకుని, అరగంట ఫుట్‌పాత్ మీద నిలబడ్డాక మమ్మల్ని లోపలికి పిలిచారు. తీరా వెళ్తే, మాకు చూపించిన బల్ల దగ్గర అప్పటికే ఇద్దరు కూర్చుని తింటున్నారు. అక్క అక్కడే ఆగిపోయింది.

"వాళ్ళింకా తింటున్నారు కదే. లేచాక పిలవమను."

వాళ్ళు లేవరు, మనమే వెళ్ళి కూర్చోవాలి అని నేను చెప్పేలోపే సర్వర్ రెండు గ్లాసుల నీళ్ళు పెట్టేసి వెళ్ళిపోయాడు. ఎదురుగా ఉన్న పెద్దాయన తన ప్లేటు నాలుగంగుళాలు తన వైపు లాక్కున్నాడు. పలకరింపు లేదు, నవ్వూ లేదు. ఆ నాలుగంగుళాల జాగాలోనే మా రాగి దోసె, రసం వడ, బటర్ ఇడ్లీ అన్నీ పట్టాయి.

అక్క విజయవాడలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో కూడా ఆమె కంచం, ఆమె గ్లాసు వేరు. ఎవరైనా పొరపాటున అందులో తాగితే మళ్ళీ తోముకుంటుంది. అలాంటి మనిషి ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఒకే బల్ల మీద టిఫిన్ చేస్తుంటే నాకు నవ్వొచ్చింది, కొంచెం టెన్షనూ వేసింది. ఇంకా మూడు రోజులు ఇలాగే తినాలి మరి. ఈసారి ముంబైకి మేం పెట్టుకున్న పనల్లా అదే: తినడం, తిరగడం, సాయంత్రం సముద్రం ముందు కూర్చోవడం. గేట్‌వే, ఎలిఫెంటా ఎప్పుడో పిల్లలు చిన్నప్పుడు చూసేశాం.

కేఫ్ మద్రాస్ 1940 నుంచీ ఉంది. ఉడుపి పద్ధతి కాబట్టి సాంబారు కాస్త తియ్యగా ఉంటుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల నాలుకలకు చట్నీ చప్పగా తగులుతుంది, అది ముందే చెప్పేస్తున్నా. కానీ రాగి దోసె కోసం అరగంట నిలబడొచ్చు. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, రాగిపిండి వాసన పోకుండా వేశారు. ఇంట్లో నేను వేస్తే అట్లకాడకు అతుక్కుని ముద్దయిపోతుంది. రసం వడ కూడా బాగుంది, రసం ఇంకొంచెం పోయమంటే పోశారు. కాఫీ తాగుతుండగా ఎదుటి పెద్దాయన మొదటిసారి తలెత్తి, "షీరా మాత్రం రామాశ్రయలో తినండి" అని హిందీలో చెప్పి, బిల్లు తీసుకుని లేచాడు. అక్క వెంటనే డైరీ తీసి రాసుకుంది. ఆమెకు ఖర్చులు రాసే డైరీ ఒకటుంది. అందులో ఎడమ పేజీ పద్దులకు, కుడి పేజీ వ్యాఖ్యలకు.

రామాశ్రయ అక్కడికి నడిచే దూరమే, మాటుంగా స్టేషన్ దగ్గర. పైనాపిల్ షీరా అంటే మన రవ్వ కేసరే, అనాసపండు ముక్కలతో. పెద్దాయన మాట నిజమే. స్టేషన్ పక్కనే ఎ. రామనాయక్ గారి ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగ్ ఉంది, 1942లో పెట్టారు. అరిటాకులో భోజనం. రసం అద్భుతం, కూరల్లో కారం నామమాత్రం. ఆవకాయ వెంట తీసుకెళ్ళని మా తెలివితక్కువతనానికి వాళ్ళేం చేస్తారు! పేరులో ఆ 'బోర్డింగ్' ఎందుకుందో మాటుంగా వీధుల్లో తిరిగితే తెలుస్తుంది. దక్షిణాది నుంచి ఉద్యోగాలకొచ్చి గదుల్లో ఉండే ఒంటరి మగవాళ్ళకు అన్నం పెట్టిన వీధులివి. పూల దుకాణాలు, కాఫీ పొడి ఆడే కొట్లు, అప్పడాల కట్టలు చూస్తుంటే ముంబైలో ఉన్నామన్న సంగతే మర్చిపోతాం. ఇంకో మాట, ఆ మాటుంగా స్టేషన్ 2017లో దేశంలోనే మొదటిసారి మొత్తం మహిళా సిబ్బందితో నడవడం మొదలైంది. అక్క టికెట్ కౌంటర్ దగ్గర పని లేకపోయినా కాసేపు నిలబడి చూసొచ్చింది.

బస గురించి చెప్పాలంటే మేం ఒక తప్పు చేసి దిద్దుకున్నాం. నాంపల్లిలో మధ్యాహ్నం హుసేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున సీఎస్ఎంటీలో, అంటే పాత వీటీ స్టేషన్‌లో దింపుతుంది కదా, సామానుతో తిరగక్కర్లేదని ఫోర్ట్ ప్రాంతంలోనే ఒక పాత భవనంలో లాడ్జి తీసుకున్నాం. ఫొటోలో కిటికీ ఉంది. గదిలోనూ ఉంది. కాకపోతే తెరిస్తే ఎదురుగా గోడ, కింద పైపులు. లిఫ్ట్ ఆ రోజు పనిచేయలేదు, మర్నాడూ పనిచేయలేదు. మూడంతస్తులు మెట్లెక్కాక అక్క మోకాళ్ళు ఫిర్యాదు మొదలుపెట్టాయి. రెండో రోజు ఖాళీ చేసి దాదర్ తూర్పుకి మారాం. గది చిన్నదే, కానీ ఉతికిన దుప్పట్లు, వేడినీళ్ళు, పొద్దున్నే టీ ఉన్నాయి. అద్దె కూడా ఫోర్ట్ కంటే తక్కువ.

అసలు మొదటే దాదర్‌లో దిగాల్సింది. పశ్చిమ లైను, సెంట్రల్ లైను రెండూ కలిసేది అక్కడే. మాటుంగా పక్క స్టేషన్, చర్చ్‌గేట్‌కి నేరుగా రైలు. పొద్దున్నే లేచే అలవాటుంటే పడమటి వైపు స్టేషన్ పక్కన పూల మార్కెట్ చూడొచ్చు, చామంతులు బుట్టల్లో కాదు, గుట్టల్లో ఉంటాయి. సామాను తీసుకెళ్ళడానికి కొత్త భూగర్భ మెట్రో వాడాం. ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా 33.5 కిలోమీటర్ల లైను, 2025 అక్టోబరులో పూర్తిగా తెరిచారు. చల్లగా, ఖాళీగా, శుభ్రంగా ఉంది. దాదర్‌లో దిగితే మాత్రం పడమటి వైపు తేలతాం, తూర్పుకి రావాలంటే సూట్‌కేసుతో పట్టాల మీది వంతెన దాటాలి. అక్క మోకాళ్ళు మళ్ళీ మాట్లాడాయి.

మిగతా తిరుగుడంతా లోకల్ రైల్లోనే. కనీస టికెట్ ఇప్పటికీ అయిదు రూపాయలే. పొద్దున ఊళ్ళోకి వెళ్ళే రైలు, సాయంత్రం ఊళ్ళోంచి వచ్చే రైలు ఎక్కకండి, అంతే. పదకొండు నుంచి నాలుగు దాకా హాయిగా ఉంటుంది. ఆడవాళ్ళయితే లేడీస్ పెట్టె. అందులో రెండు మర్యాదలు నేర్చుకున్నాం. మొదటిది, మీ స్టేషన్ రాకముందే లేచి గుమ్మం దగ్గరికి చేరి, ముందున్నావిడను "దాదర్ ఉతర్‌నా హై?" అని అడగాలి. ఆమె దిగకపోతే పక్కకు తప్పుకుంటుంది. రెండోది నాలుగో సీటు. ముగ్గురు కూర్చునే బెంచీ మీద నాలుగో మనిషి వచ్చి కళ్ళతో అడిగితే ముగ్గురూ జరగాలి. నాలుగో ఆమెకు దొరికేది సగం సీటే అయినా అది ఆమె హక్కు. దాని మీద ఎవరూ థాంక్స్ చెప్పరు.

అక్కకు మొదట ఇది మింగుడు పడలేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రాయిలా కూర్చుంది. "జరుగు అక్కా" అని నేను మెల్లిగా అంటుంటే, నిలబడి ఉన్నావిడ నవ్వి, "జర జరుగుండ్రి అమ్మా" అంది.

తెలుగే. పుట్టింది వర్లీలో ఒక చాల్‌లోనట, అంటే కార్మికులుండే వరస గదుల లోగిలి. తాత కరీంనగర్ వైపు నుంచి మిల్లులో నేత పనికి వచ్చాడట. "ఊరు నేను చూడలే, పెండ్లికి ఒక్కసారి పోయినం" అంది. మాటల మధ్యలో మరాఠీ దొర్లుతోంది కానీ, ఆమె తెలుగులో యాభై ఏళ్ళ నాటి తెలంగాణ ఉంది. మనవాళ్ళు బొంబాయికి ఐటీతో వెళ్ళలేదు. కామాఠీపురకు ఆ పేరొచ్చింది ఇక్కడ కూలి పనులు చేసిన మన తెలుగు కామాఠీల వల్లే. ఆ తర్వాత బట్టల మిల్లులకు పద్మశాలీలు వచ్చారు. ఇప్పుడు కామాఠీపుర పేరు చెబితే జనానికి రెడ్‌లైట్ ఏరియానే గుర్తొస్తుంది, అది వేరే సంగతి. ఆవిడ పరేల్‌లో దిగిపోతూ, దాదర్‌లో ఎక్కడ వడాపావ్ తినాలో చెప్పింది.

తిన్నాం. వడాపావ్ పుట్టిందే దాదర్ స్టేషన్ బయట అంటారు. 1966లో అశోక్ వైద్య అనే ఆయన బండి మీద మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. మన ఆలూ బోండాని పావ్ మధ్యలో నొక్కి, ఎండు వెల్లుల్లి కారం చల్లి, వేయించిన పచ్చిమిరపకాయ చేతికిస్తారు. మిల్లు షిఫ్టుకు పరిగెత్తేవాడు ఒక చేత్తో తినగలిగేది అదే. ఈ ఊళ్ళో మాకు నచ్చేంత కారం దొరికింది దీంట్లోనే. ఇరవై రూపాయలు. అక్క కుడి పేజీలో "రెండోది తిన్నాను" అని మాత్రమే రాసింది. దాదర్ పడమర వైపే ఆస్వాద్ హోటల్లో సగ్గుబియ్యంతో చేసే సాబుదానా వడ, రకరకాల పిండ్లు కలిపి కాల్చే థాలీపీట్ రొట్టె తిన్నాం. పీయూష్ అని ఒకటి తాగాం, శ్రీఖండ్‌ని, అంటే వడకట్టిన తీపి పెరుగుని, కాస్త పలచన చేసినట్టు, కుంకుమపువ్వు, యాలకులతో. ఇద్దరికి ఒక గ్లాసు చాలు, అంత తీపి.

ఇరానీ హోటళ్ళ దగ్గర మా ఇద్దరికీ గొడవైంది. మెట్రో సినిమా ఎదుట ఉన్న కయానీ 1904 నాటిది. గళ్ళ గుడ్డలు పరిచిన బల్లలు, చెక్క కుర్చీలు, గాజు సీసాల్లో బిస్కెట్లు. బ్రున్ మస్కా, టీ చెప్పాం. హైదరాబాద్‌లో ఉండే నాకు ఇరానీ టీ అంటే డికాక్షన్ వేరే కాగి, చిక్కటి పాలు వేరే మరిగి, కప్పులో కలవాలి. ఇక్కడిది పలచన, తీపెక్కువ. "దీన్ని ఇరానీ టీ అంటే నాంపల్లిలో ఊరుకోరు" అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "మీ టీ పాయసం లాగుంటుంది. టీ అంటే ఇదీ" అంది. బ్రున్ గురించి మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. పైన పెంకులా గట్టిగా ఉండే రొట్టె, లోపల వెన్న. టీలో ముంచకుండా కొరికితే పంటికి ప్రమాదం. మావా కేకులు, అంటే కోవా వేసినవి, ఆరు కట్టించుకున్నాం. బల్లార్డ్ ఎస్టేట్‌లో బ్రిటానియా, 1923 నాటిది, మధ్యాహ్నం భోజనం వేళకే వెళ్ళాలి. బెర్రీ పులావ్‌లో ఎర్రటి పుల్లటి జరిష్క్ పండ్లు వేస్తారు. నేను చికెన్, అక్క కూరగాయలది తిన్నాం. బాగుంది. మేం తిన్న మిగతావాటితో పోలిస్తే ఖరీదే, అయినా బాధపడలేదు.

బాధపడింది ఇంకోచోట. దక్షిణ ముంబైలో సముద్రం కనిపించే ఒక పెద్ద రెస్టారెంట్‌లో, ఎండ ఎక్కువగా ఉందని, కాసేపు ఏసీలో కూర్చుందామని దూరాం. నలుగురు పట్టే బల్ల మా ఇద్దరికే ఇచ్చారు, ఒళ్ళో గుడ్డ పరిచారు, మేడమ్ అన్నారు. శాండ్‌విచ్ రొట్టె ఎండిపోయి ఉంది. కాఫీ చల్లారిపోయి వచ్చింది. బిల్లులో సర్వీస్ ఛార్జ్ మాత్రం వేడిగా ఉంది. దాన్ని తీసేయమని అడిగితే మేనేజర్‌ని పిలుస్తామని చెప్పి ఇరవై నిమిషాలు పిలిచారు.

రవాణాలో ఇంకో రెండు ముక్కలు. దక్షిణ ముంబైలో ఆటోలు తిరగవు. బాంద్రా, సయాన్ దాటి ఇవతలికి రానివ్వరు. నలుపు పసుపు టాక్సీలే. స్టేషన్ లోపలికొచ్చి "టాక్సీ, టాక్సీ" అని సామాను పట్టుకునేవాళ్ళను వదిలేసి, రోడ్డు మీదికొచ్చి ఎక్కితే మీటరు వేస్తారు. మీటరు ప్రకారం డబ్బులిచ్చి, చిల్లర తిరిగి తీసుకోవడం హైదరాబాద్ మనిషికి ఒక విహారయాత్రే.

ఆదివారం సాయంత్రం చర్చ్‌గేట్ దగ్గర కె. రుస్తమ్‌లో ఐస్‌క్రీమ్ కొన్నాం. కప్పులో వేయరు, మందపాటి ముక్క కోసి రెండు వేఫర్ల మధ్య పెట్టిస్తారు. కరిగేలోపు తింటూ నడిస్తే రోడ్డు దాటగానే మెరీన్ డ్రైవ్. వెనక వరసగా గుండ్రటి మూలల బాల్కనీల మేడలు. 2018లో యునెస్కో జాబితాలోకి ఎక్కినవాటిలో ఇవీ ఉన్నాయి. కానీ అక్కడ కూర్చున్న ఒక్కరూ వాటిని చూడరు, అందరి వీపులూ వాటి వైపే. గోడ మీద చోటు లేదు. కాలేజీ పిల్లలు, టిఫిన్ డబ్బాలో చపాతీలు తెచ్చుకున్న కుటుంబం, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న ఒక ఆఫీసు మనిషి. మేం నిలబడి చూస్తుంటే ఆ డబ్బాల కుటుంబం ఏమీ అనకుండా జరిగింది. కూర్చున్నాం. అలలు కింద సిమెంటు దిమ్మెలకు కొట్టుకుంటున్నాయి, మాట వినపడదు. గంటన్నర కూర్చున్నాం. పైసా ఖర్చు లేదు. చీకటి పడి దీపాలు వెలిగాక ఇంకెవరో ఇద్దరు ముసలివాళ్ళొచ్చి నిలబడితే, నేను చెప్పకముందే అక్క బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

తిరుగు రైల్లో మావా కేకులు నాలుగే మిగిలాయి, వాటిలో రెండు నలిగిపోయాయి. అక్క డైరీ తీసి నాలుగు రోజుల తిండి పద్దు కూడింది. రాగి దోసె, షీరా, అరిటాకు భోజనాలు, వడాపావ్‌లు మూడు (నేనొకటి, ఆమె రెండు), పీయూష్, బ్రున్ మస్కా, పులావ్, ఐస్‌క్రీమ్. అన్నిటి కిందా నీలం ఇంకు. "శాండ్‌విచ్ రెండు, కాఫీ రెండు, సర్వీస్ ఛార్జ్: 1,480" దగ్గర మాత్రం నా బ్యాగులోంచి ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, లెక్కల టీచరు తప్పు జవాబుకు గీసినట్టు అడ్డంగా గీసింది.