రోమ్ ఫుల్ డే అన్నారు, కొలోసియం పది నిమిషాలు చూపించారు

క్రూయిజ్ బ్రోచర్లలో "రోమ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. షిప్పు రోమ్ దాకా పోదు. అది ఆగేది చివితావెక్కియా అనే రేవులో. అక్కడి నుంచి రోమ్ దాదాపు ఎనభై కిలోమీటర్లు, అంటే అనంతపురం నుంచి పుట్టపర్తికి పోయినంత దూరం. ఈ ఎనభై కిలోమీటర్ల భయాన్నే కొందరు ఏజెంట్లు అమ్ముకుంటున్నారు. మా ఊరి నుంచి ఈ మధ్య రిటైరైనవాళ్లు, పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డవాళ్లు చాలామంది ఈ క్రూయిజ్‌ల గురించి అడుగుతున్నారు. వాళ్లకు మా డబ్బులు పోయినట్టు పోకూడదని రాస్తున్నాను.

2024 మే నెలలో మేం నలుగురం వెళ్లాం. నేను, మా ఆయన, పదహారేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తమ్మ. బెంగళూరు నుంచి విమానం, బార్సిలోనాలో షిప్పు ఎక్కడం, మార్సేయ్, జెనోవా అన్నీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. షిప్పులో తిండి కూడా బాగుంది, పెరుగు ఎప్పుడూ దొరికేది.

వీసా, టికెట్లు, షిప్పు అన్నీ కలిపి ఒక ఏజెంటు దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. అందులో "రోమ్ ఫుల్ డే, ప్రైవేట్ వ్యాన్, ఇండియన్ లంచ్ స్టాప్, కొలోసియం, వాటికన్" అని ఉంది. దానికి మనిషికి 9,500 రూపాయలు, నలుగురికి 38,000. షిప్పు వాళ్లు కూడా బస్సు నడుపుతారు. పొద్దున రోమ్‌లో దించి సాయంత్రం ఎక్కించుకునే బస్సుకు మనిషికి 79 యూరోలని మా షిప్పులో బోర్డు పెట్టారు. అది ఎక్కువని, మాది ప్రైవేట్ వ్యాన్ కాబట్టి అత్తమ్మకు సుఖంగా ఉంటుందని ఏజెంటు గట్టిగా చెప్పాడు.

షిప్పు పొద్దున ఏడింటికే రేవుకు చేరింది. రాత్రి ఎనిమిదికి బయల్దేరుతుంది, ఏడున్నరలోపు అందరూ ఎక్కేయాలి. వ్యాను ఎనిమిదికి గేటు దగ్గర ఉంటుందన్నారు. తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. అంతసేపూ అత్తమ్మ గేటు బయట ఒక సిమెంటు దిమ్మె మీద కూర్చుంది. ఎదురుగా మైకెలాంజెలో పేరుతో పిలిచే పాత కోట ఉంది. దాన్ని చూస్తూ మా ఆయన గంటన్నరసేపు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే నాకు టెన్షన్. తీరా వ్యానులో చూస్తే అప్పటికే వేరే షిప్పు నుంచి దిగిన ఆరుగురు కూర్చున్నారు. ప్రైవేట్ అన్న మాట అక్కడితో అయిపోయింది.

పదకొండు దాటాక వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ముందున్న చౌకు దగ్గర దించి ఇరవై అయిదు నిమిషాలు ఇచ్చాడు డ్రైవరు. చర్చి లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ సెక్యూరిటీ లైను ఆ స్తంభాల వరుస వెంట సగం చౌకును చుట్టి ఉంది. ఇరవై అయిదు నిమిషాల్లో లైను మొదలు కూడా దాటలేం. భుజాలు, మోకాళ్లు కనపడే బట్టలతో లోపలికి రానివ్వరని తెలిసి మా వాడికి ఆ ఎండలో ఫుల్ ప్యాంటు వేయించి తీసుకొచ్చాను. వాడు బయటే నిలబడి గోపురం ఫొటో తీసుకున్నాడు.

తర్వాత కొలోసియం. క్రీస్తు శకం 72 ప్రాంతంలో వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెడితే 80లో ఆయన కొడుకు టైటస్ ప్రారంభించిన, గ్లాడియేటర్ల పోరాటాలు జరిగిన పెద్ద స్టేడియం. మా వాడు దాని గురించి నెలరోజులు చదువుకున్నాడు. వ్యాను దూరంగా ఆపి పది నిమిషాలన్నాడు. టికెట్లు ఏవని అడిగితే, తన దగ్గర లేవు, మీ ఏజెంటును అడగండి అన్నాడు. ఏజెంటుకు వాట్సాప్ చేస్తే జవాబు వచ్చింది: "ఇన్‌క్లూజన్స్‌లో అవుట్‌సైడ్ వ్యూ అని ఉంది మేడమ్." మూడో పేజీలో చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. డబ్బు కట్టేటప్పుడు మాత్రం లోపల గ్లాడియేటర్లు నిలబడే చోటు దాకా చూపిస్తారని మా డ్రాయింగ్ రూములో కూర్చుని చెప్పాడు. ఆ మాటే నాకు ఇప్పటికీ మండుతుంది. కొలోసియం టికెట్ల మీద పేర్లు ఉంటాయి, దాదాపు నెల ముందే ఆన్‌లైన్‌లో అమ్ముతారు. పెద్దలకు 18 యూరోలు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. అప్పటికప్పుడు వెళ్లి కొందామంటే దొరకడం కష్టం. ఇది తెలిసిన ఏజెంటు ఎవరైనా ముందే చెప్పాలి.

ఒంటిగంటకు టెర్మినీ స్టేషన్ దగ్గర ఒక హోటల్ ముందు ఆపాడు. చపాతీ, పప్పు, అన్నం, ఒక కూర: మనిషికి 22 యూరోలు, నీళ్ల సీసాకు 3 యూరోలు వేరే. "లంచ్ స్టాప్" అంటే ఆపడమే, డబ్బు మనదే. మిగతా ఆరుగురు తిన్నారు. మేం తినలేదు. రెండు కావస్తుంటే డ్రైవరు వచ్చి ఇక రేవుకు వెనక్కి పోదామన్నాడు. సాయంత్రం తనకు ఇంకో ట్రిప్పు ఉందట.

అప్పుడు మా అత్తమ్మ వ్యాను మెట్టు మీద కాలు పెట్టి మళ్లీ దిగింది. "ఏమిరా, ఓడ పొయ్యేది రాత్రికి గదా? ఇప్పుడే పొయ్యి ఆడ ఏం చేస్తాం? నేను రాను పో" అని మా ఆయనతో చెప్పేసింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, పొద్దున్నుంచి ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆ ఒక్క మాటతో మా నలుగురికీ ప్రాణం లేచొచ్చింది. మేం రావట్లేదని డ్రైవరు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టి ఆగిపోయాం.

ఆ తర్వాతి కొన్ని గంటలే మాకు రోమ్.

ముందు తిండి. ఒక సందులో పిజ్జాను పెద్ద పళ్లేల్లో కాల్చి, కత్తెరతో కత్తిరించి, తూకం వేసి అమ్మే దుకాణం కనిపించింది. రోమ్‌లో ఇలాంటివి అడుగడుక్కీ ఉంటాయి. ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంత కోస్తారు. చీజు లేకుండా టమాటా, వెల్లుల్లి, నూనె మాత్రమే వేసినది అత్తమ్మకు, బంగాళాదుంపది మాకు. మొత్తం 16 యూరోలు. అత్తమ్మ సంచిలోంచి చెనిక్కాయల పొడి తీసి చల్లుకుని తింది, దుకాణంలో పిల్లకూ కొంచెం పెట్టింది. ఆ అమ్మాయి వేలితో నాకి చూసి, ఇంకొంచెం కావాలని చెయ్యి చాపింది. ఆ ప్రయాణం మొత్తంలో మా అత్తమ్మ అంత నవ్వడం నేను చూడలేదు.

నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రోమ్ వీధుల్లో ఇనుప స్తంభాల్లా నాసోనీ అనే కుళాయిలుంటాయి, వేలల్లో. 1874 నుంచి పెడుతున్నారు. చల్లటి తాగే నీళ్లు, ఉచితం. కింది ముక్కును వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి ధార వస్తుంది, వంగకుండా తాగొచ్చు. నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసి పెరిగిన అనంతపురం మనుషులం, ఆ కుళాయి దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు. సీసాకు 3 యూరోలు అడిగిన హోటల్ నుంచి నాలుగడుగుల్లోనే ఇలాంటిది ఒకటి ఉంది.

టెర్మినీ నుంచి 64 నంబరు బస్సు ఎక్కాం. టికెట్టు 1.50 యూరోలు, వంద నిమిషాలు చెల్లుతుంది. బస్సులో జేబులు జాగ్రత్త, ఈ రూటు దొంగలకు పేరుమోసింది. లార్గో అర్జెంటీనాలో దిగితే రోడ్డు మట్టం కంటే కింద పాత గుళ్ల శిథిలాలు కనిపిస్తాయి. క్రీస్తు పూర్వం 44లో జూలియస్ సీజర్‌ను పొడిచి చంపింది అక్కడే. మా వాడు రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అక్కడి నుంచి మెల్లగా నడిచి పాంథియన్ అనే పాత రోమన్ గుడి చేరాం.

మీరు రోమ్‌లో ఒక్కటే లోపలికి వెళ్లి చూడగలిగితే పాంథియనే చూడండి. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, దాదాపు 1,900 ఏళ్ల కింద కట్టారు. గోపురం అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. లోపల ఇనుప చువ్వ ఒక్కటి లేకుండా ఉత్త కాంక్రీటుతో కట్టిన గోపురాల్లో ఇప్పటికీ ఇదే ప్రపంచంలో పెద్దది. నడినెత్తిన గుండ్రంగా తెరిచి ఉంటుంది, అందులోంచి ఎండ లోపలి గోడ మీద పడుతుంది. వాన పడితే ఎలాగని అత్తమ్మ అడిగితే మా వాడు నేల మీద నీళ్లు పోయే రంధ్రాలు చూపించాడు. చిత్రకారుడు రాఫెల్ సమాధి కూడా లోపలే ఉంది. టికెట్టు అప్పుడు 5 యూరోలు, మా వాడికి ఉచితం. ముగ్గురికి 15. అత్తమ్మ బెంచీ మీద అరగంటకు పైగా కూర్చుంది. ఎవరూ లెమ్మనలేదు, టైమైందనలేదు.

తిరుగు ప్రయాణం గురించే మా ఆయనకు భయం. షిప్పు వాళ్ల టూర్‌లో వెళ్తే ఆలస్యమైనా షిప్పు ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు, తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనమే చేరుకోవాలి. అందుకే నాలుగింటికల్లా లేచాం. అదే 64 నంబరు బస్సు శాన్ పియెత్రో స్టేషన్ దాకా పోతుంది. అక్కడి నుంచి చివితావెక్కియాకు మామూలు రీజినల్ రైలు, టికెట్టు 4.60 యూరోలు, గంటలోపే ప్రయాణం. సాంతా మారినెల్లా దగ్గర కిటికీ పక్కనే సముద్రం. దిగాక రేవు దాకా నడక, అత్తమ్మ కోసం మధ్యలో రెండుసార్లు ఆగాం. ఆరున్నరకల్లా షిప్పులో ఉన్నాం. మా ఆయన ఒక్కరే రెండు ప్లేట్ల నూడుల్స్ తిన్నారు.

లెక్క ఇది. వ్యానుకు 38,000. మేం దిగిపోయాక బస్సులు, రైలు, పాంథియన్, పిజ్జా అన్నీ కలిపి నలుగురికీ 61.40 యూరోలు, అప్పటి రేటుకు సుమారు 5,500 రూపాయలు.

మీరు వెళ్తుంటే పొద్దున్నే చివితావెక్కియా స్టేషన్‌లో బీఐఆర్‌జీ అనే రోజు టికెట్టు అడగండి. మాకు చెప్పిన ధర 12 యూరోలు. ఆ రోజంతా రీజినల్ రైళ్లు, రోమ్ బస్సులు, మెట్రో అన్నీ అందులోనే. దాని మీద పేరు రాయాలి, ఎక్కేముందు మిషన్‌లో ముద్ర వేయించాలి. శాన్ పియెత్రోలో దిగితే వాటికన్‌కు నడిచే పోవచ్చు. బుధవారం అయితే పోప్ సభ వల్ల పొద్దున చర్చిలోకి వెళ్లడం కుదరదు, ఆదివారాలు వాటికన్ మ్యూజియం మూసి ఉంటుంది, నెలలో చివరి ఆదివారం తప్ప. రైల్వే సమ్మెలు ఇటలీలో తరచుగా ఉంటాయి, "షోపెరో" (sciopero, అంటే సమ్మె) అన్న మాట కోసం ముందురోజు రాత్రి నెట్‌లో వెతకండి. సమ్మె ఉంటే, లేదా అసలు నడవలేని పెద్దవాళ్లు ఉంటే, షిప్పు వాళ్ల బస్సే ఎక్కండి, ఎక్కువైనా సరే. ఏజెంటు వ్యాను మాత్రం వద్దు. తప్పదంటే ఎన్నింటికి ఎక్కించుకుంటారు, ఎన్నింటికి వెనక్కి తెస్తారు, వ్యానులో ఇంకెవరుంటారు, ఏ టికెట్టు లోపలికి, ఏది బయటికి: ఇవన్నీ డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి.

వచ్చాక ఏజెంటు ఆఫీసుకు వెళ్లి బ్రోచర్, వాట్సాప్ మెసేజులు, రైలు టికెట్లు బల్ల మీద పెట్టాం. మనిషికి రెండు వేలు వెనక్కి ఇస్తానన్నాడు. సగం ఇవ్వమని లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చాం. కాదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాం, కాగితాలన్నీ మా అత్తమ్మే ఫైలులో పెట్టి ఉంచింది.