ఓపెథ్ కొత్త ఆల్బమ్ అని డూప్లికేట్ సీడీ అంటగడుతున్నడు, పైసలు పంపకుండ్రి

మెటల్ సంగీతం సీడీలు కొనేటోళ్లు ఎవ్వరున్నా ఇది చదివినంకనే పైసలు పంపుండ్రి. నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, పాలమూరు దిక్కున్నోళ్లు మరీ ముఖ్యంగ. మనం దూరమున్నోళ్లం, దుకాణం మీదికొచ్చి అడగలేమని గా అమ్మేటోనికి తెలుసు. గందుకే మనకు గిసొంటి సరుకు తోలుతున్నడు.

ఏ పేజీనో మీకు చెప్పనక్కరలేదు. హైదరాబాద్‌ల కూసొని ఇన్‌స్టాల నడిపిస్తడు, పైన "ఒరిజినల్ ఇంపోర్ట్స్ మాత్రమే" అని రాసిపెట్టిండు. మనల సగం మందిమి వాని దగ్గర ఏదో ఒకటి కొన్నోళ్లమే. ఫిర్యాదు తేలేదాక పేరు బయట పెట్టొద్దని వకీలు దోస్తు ఒకాయన చెప్పిండు, గందుకే రాస్తలేను. మెటల్ బ్యాండ్ ఓపెథ్ కొత్త ఆల్బమ్ 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్', డిజిప్యాక్ (మడత అట్ట కవరు), సీల్డ్, 1,850 రూపాయలు అన్నడు. ఫోన్‌పే చేసిన. దేవరకొండ రోడ్డు మీద కొరియర్ ఆఫీసుల పార్సల్ తీసుకున్న. అట్ట బాగనే ఉన్నది, మీద ప్లాస్టిక్ కూడ చుట్టి ఉన్నది. ఇంటికొచ్చి ప్లేయర్‌ల పెట్టిన. మొదటి పాట సగం కాకముందే నాకు కడుపుల మంట మొదలైంది.

డ్రమ్స్ పక్కన కొట్టే సింబల్స్, అంటే రేకు పళ్లాలు, మోగుతలేవు. కాగిన నూనెల తడి ఉల్లిగడ్డ ఏసినట్టు సుయ్యిమంటున్నయి. గిటార్, బేస్ ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి. గొంతు పెద్దగయినప్పుడల్లా దాని ఎనక ఉన్న తంత్రీ వాద్యాలు మాయమైతున్నయి. ఇదే పాట ఆల్బమ్‌కు ముందు సింగిల్‌గ, అంటే ఒక్కటే పాటగ వచ్చింది, ఫోన్‌ల ఎన్నిమార్లు విన్ననో లెక్కలేదు. ఏది యాడ మోగాల్నో నాకు తెలుసు. హెడ్‌ఫోన్ మార్చిన, ప్లేయర్‌ల పాత సీడీలు పెట్టి చూసిన. అవన్నీ మంచిగ వినిపిస్తున్నయి. ఇదొక్కటే ఇట్ల.

పైసలు పోయిన బాధ ఒక దిక్కు. వానికి ఫోన్ చేసినంక అన్న మాటలు నాకు ఇంకా మండుతనే ఉన్నయి. పైసలు పంపకముందు "సార్, మీరు ఓపెథ్ వింటరా, మీ అసొంటోళ్లు దొరకరు సార్" అన్నడు. అదే మనిషి ఇప్పుడు ఎత్తుతనే "ఏంది తమ్మీ" అన్నడు. నేను మెల్లగనే చెప్పిన, అన్నా, ఇది ఒరిజినల్ లెక్క లేదు, సింబల్స్ కోసుకపోయినయి, ఒకసారి మీరే విని చూడుండ్రి అని. వాడు ఇన్నది లేదు. "వాళ్ల సౌండే మారింది తమ్మీ. నువ్వు పాత ఆల్బమ్‌లు విని ఉంటవ్. కొత్తది గిట్లనే మబ్బుగ ఉంటది. గ్రౌల్స్ మళ్ల పెట్టిన్రు గదా, పగిలినట్టే వినిపిస్తది. మెటల్ అంటే గంతే" అన్నడు. గ్రౌల్ అంటే గరగర గొంతుతోని గర్జించినట్టు పాడుడు. నేను కాదన్న. గంతే, గొంతు లేచింది. "నల్గొండల కూసొని నాకు సౌండ్ గురించి చెప్తవా? మీ ఊర్ల నువ్వు గాక ఇంకెవ్వడన్న ఇంటడా ఇది? యూట్యూబ్‌ల ఇనుకో పో, నా టైం ఖరాబ్ చెయ్యకు." పెట్టేసిండు. మళ్ల చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి బ్లాక్ చేసిండు.

సీడీ డూప్లికేట్ పంపుడు ఒక మోసం. ఆ మోసాన్ని బ్యాండ్ నెత్తిన రుద్దుడు ఇంకో మోసం. నన్ను ఊరి పేరు పెట్టి తిట్టింది నేను మర్చిపోను గని, మనుషులు ఏండ్లకేండ్లు కష్టపడి చేసిన సంగీతాన్ని "మబ్బుగ ఉంటది, పగిలినట్టుంటది" అన్నడు చూడుండ్రి, గది నాకు అస్సలు సహించలేదు.

సౌండ్ మారింది నిజమే. ఎట్ల మారిందో వాడు నాకు చెప్పుడు ఏంది, నేనే చెప్తా వినుండ్రి. రేపు మీకు కూడ వాడు గిదే మాట చెప్తడు గనుక ఇది తెలిసి ఉండాలె. స్వీడన్ బ్యాండ్ ఇది, మొదటి ఆల్బమ్ 1995ల వచ్చింది. మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ ఒకటే గొంతుతోని పొట్టల నుంచి వచ్చే గ్రౌల్, దాని పక్కనే మెత్తని పాట, రెండూ పాడుతుండె. 2001ల 'బ్లాక్‌వాటర్ పార్క్' విన్నోళ్లకు ఆ సంగతి తెలుసు. 2003ల 'డామ్నేషన్' పూర్తిగ మెత్తగ చేసిన్రు. 2008ల 'వాటర్‌షెడ్' తర్వాత గ్రౌల్స్ బంద్ అయినయి. 2011ల 'హెరిటేజ్' నుంచి 70ల నాటి ప్రోగ్రెసివ్ రాక్ దిక్కు, అంటే పొడుగు పొడుగు మలుపుల పాటల దిక్కు పోయిన్రు. 'పేల్ కమ్యూనియన్', 'సార్సరెస్', 2019ల స్వీడిష్‌ల ఒకటి ఇంగ్లిష్‌ల ఒకటి చేసిన 'ఇన్ కాడా వెనెనమ్', దేంట్ల కూడ గ్రౌల్ లేదు. అభిమానులు రెండు పార్టీలైన్రు. మా దోస్తులల్ల కూడ కొందరు గ్రౌల్ లేకపోతే ఓపెథ్ ఏంది అంటుండె. నేను రెండు దిక్కులా విన్న, నాకు రెండూ కావాలె.

2024 నవంబర్ 22న ఈ ఆల్బమ్ వచ్చింది. పదహారేండ్ల తర్వాత గ్రౌల్స్ తిరిగొచ్చినయి. కాని పాత సౌండ్‌కు ఎనకకు పోలేదు వాళ్లు. 'హెరిటేజ్' నుంచి నేర్చుకున్న ఆర్గన్లు, ఫ్లూట్లు, వంకర తాళాలు అన్నీ అట్లనే ఉంచి, వాటి నడుమల ఆ గొంతును పెట్టిన్రు. కథ కూడ ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన కాలం, పెద్ద ఆస్తిపరుడు ఒకాయన చచ్చిపోతడు, పిల్లల ముందర ఆయన వీలునామా చదువుతుంటరు. కవలపిల్లలు ఇద్దరు, పోలియో వచ్చిన ఆడపిల్ల ఒకతె. గందుకే మొదటి ఏడు పాటలకు పేర్లు లేవు, వీలునామాల పేరాలకు పెట్టినట్టు § గుర్తు, పక్కన అంకె. చివరి పాటకు ఒక్కదానికే పేరున్నది. ఆస్తి పంపకాల కాడ అన్నదమ్ములు మాట్లాడుకోకుండ అయిన ఇండ్లు మన దిక్కు ఎన్ని లేవు? స్వీడన్‌ల రాసిన కథ నాకు మా వాడకట్టుల జరిగినట్టే అనిపించింది. చచ్చిపోయిన తండ్రి కోపం చెప్పేకాడ గ్రౌల్ వస్తది, అది ఊకె వచ్చే అరుపు కాదు. ఆ గ్రౌల్‌ల ప్రతి అక్షరం తెలుస్తది, పక్కన పాటల పుస్తకం లేకున్నా పట్టుకోవచ్చు. దాన్ని "పగిలినట్టు" అన్నోడు ఆల్బమ్ ఒక్కసారి కూడ విననోడు.

డ్రమ్మర్ కూడ కొత్తాయన. పాతాయన మార్టిన్ ఆక్సెన్‌రాట్ 2021ల బ్యాండ్ విడిచిపెట్టిండు, ఫిన్లాండ్ పిల్లగాడు వాల్తెరి వాయ్రినెన్ 2022ల వచ్చిండు, ఈ బ్యాండ్‌తోని ఆయనకు ఇదే మొదటి ఆల్బమ్. పెద్ద కొట్టుడు నడుమల సింబల్ అంచు మీద చిన్న చిన్నగ తట్టేది ఉంటది చూడుండ్రి, ఆయన ఆట మొత్తం గాడనే ఉన్నది. జెత్రో టల్ బ్యాండ్ ఇయాన్ ఆండర్సన్ వచ్చి ఫ్లూట్ ఊదిండు, వీలునామా చదివే గొంతు కూడ ఆయనదే. రెండో పాటల యూరప్ బ్యాండ్ గాయకుడు జోయీ టెంపెస్ట్ గొంతు కలిపిండు. నాలుగో పాటల హార్ప్, ఫ్లూట్ రెండే మిగిలి అంతా సప్పుడు లేకుండ అయ్యే జాగ ఉన్నది. నేను ఈ సీడీ కొన్నదే ఆ జాగ కోసం. ఫోన్‌ల ఇంటే పైనున్న సన్నని మోత తెల్వది, సీడీల అయితే ఆ హార్ప్ తీగ గీరిన చప్పుడు కూడ తెలుస్తదని. వాడు పంపిన దాంట్ల ఆ జాగల వినిపించింది గురగుర ఒక్కటే. నాకు ఏడుపొచ్చింది, దాచుకునేది ఏమున్నది.

రుజువులు లేకుండ అంటలేను. సీడీ తిప్పి చూసిన. ఫ్యాక్టరీల అచ్చేసిన సీడీ అడుగు భాగం వెండి లెక్క తెల్లగ ఉంటది, ఇది నీలం రంగు కొడుతున్నది. అంటే ఇంట్ల కంప్యూటర్ మీద రాసుకునే సీడీ-ఆర్. నడుమ బొక్క చుట్టూ ఉన్న ఉంగరం మీద ఫ్యాక్టరీ నంబర్, ఐఎఫ్‌పీఐ (రికార్డు కంపెనీల ప్రపంచ సంఘం) అని చిన్న అక్షరాల కోడ్ ఉండాలె, 1994 నుంచి ఆ కోడ్ ఏసుడు మొదలుపెట్టిన్రు. దీని మీద ఏమీ లేదు. అట్ట ఎనక పాటల పట్టీల § గుర్తు బదులు ఇంగ్లిష్ ఎస్ అక్షరం అచ్చైంది. ఎస్ ఒకటి, ఎస్ రెండు అని! చూసి కాపీ కొట్టేటోనికి ఆ గుర్తు ఏందో కూడ తెల్వది.

ఆఖరికి పాటను కంప్యూటర్‌లకు తీసి ఆడాసిటీల స్పెక్ట్రోగ్రామ్, అంటే మోతను రంగుల బొమ్మగ చూపెట్టేది, పెట్టిన. అది ఫ్రీ సాఫ్ట్‌వేరే, ఎవరైనా చెయ్యొచ్చు. సీడీల మోత 22 కిలోహెర్ట్జ్ దాక పట్టే జాగ ఉంటది, సింబల్స్ కొట్టినప్పుడు రంగు పైదాక లేస్తది. దీంట్ల 16 కిలోహెర్ట్జ్ కాడ కత్తితోని కోసినట్టు ఆగిపోయింది, ఆ పైన నలుపు. ఎనిమిది పాటలకూ అదే గీత. ఫైలు చిన్నగ చేసేటందుకు తక్కువ బిట్‌రేట్ ఎంపీ3 చేసేటప్పుడు పైమోతను గక్కడనే కోసేస్తరు. కోసినదాన్ని మళ్ల సీడీ మీద రాసినా పోయింది తిరిగిరాదు. అంటే ఏడనో డౌన్‌లోడ్ చేసిన ఎంపీ3లు సీడీ మీద రాసి, కలర్ ప్రింట్ తీసిన అట్టల పెట్టి, 1,850కి అమ్మిండు. బ్యాండ్ ఎంత మారినా సరే, అన్ని పాటలు ఒకే గీత కాడ తెగవు. వాడు "సౌండ్ మారింది" అంటే మీరు గిసొంటి స్పెక్ట్రోగ్రామ్ ఫొటో తీసి చూపెట్టుండ్రి.

ఇది నా ఒక్కనికే అయిందనుకున్న. పాలమూరు దోస్తు ఒకాయనకు చెప్తే ఆయన కూడ అదే పేజీల జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండ్ ఆల్బమ్ 'ఇన్‌విన్సిబుల్ షీల్డ్' కొన్నడట. 2024 మార్చ్‌ల వచ్చింది అది. ఆయన అడిగితే వాడు ఏం జవాబు ఇచ్చిండో ఎరుకేనా? "ఆ గాయకుడు ముసలోడైండు, గొంతు గట్లనే ఉంటది" అని. ఆ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ 1951ల పుట్టిండు, ఆ ఆల్బమ్ వచ్చేనాటికి 72 ఏండ్లు. ఆ వయసుల ఆయన పైస్థాయిల ఎట్ల పాడిండో విని మేము చప్పట్లు కొట్టినం. ఆయన గొంతును ఖరాబ్ చేసింది వీని ఎంపీ3. దోస్తు సీడీ తిప్పి చూస్తే అది కూడ నీలమే. అంటే వానికి ప్రతి డూప్లికేట్‌కు ఒక సాకు తయారుగ ఉన్నది. బ్యాండ్ మారితే మారిందంటడు, ముసలోళ్లయితే ముసలోళ్లంటడు.

హైదరాబాద్ గిరాకులకు మాత్రం అసలైనవే ఇస్తున్నడని ఇద్దరు ముగ్గురు చెప్పిన్రు. వాళ్లు ఎదురుంగ నిలవడి తీసుకుంటరు గనుక. కొరియర్‌ల పోయేటివే ఇట్ల. మన ఊర్లల్ల ఈ సంగీతం ఇనేటోళ్లు లేరని, ఉన్నా తెలుసుకోలేరని వాని లెక్క. నల్గొండల, మిర్యాలగూడల, వనపర్తిల గదిల ఒక్కరే కూసొని ఇనేటోళ్లు ఎంతమందున్నరో వానికి తెల్వది. చుట్టూరా అర్థం చేసుకునేటోళ్లు లేకున్నా మనం ఏండ్లకొద్ది విన్నోళ్లం. మన చెవులు ఎవ్వనికన్న తక్కువ కాదు.

కొనేటోళ్లకు నాలుగు ముక్కలు. పైసలు పంపేముందు సీడీ అడుగు భాగం, నడుమ ఉంగరం దగ్గరి నుంచి ఫొటో అడుగుండ్రి. సీల్డ్ అని ఇయ్యనంటే, వచ్చినంక తేడా ఉంటే వాపస్ తీసుకుంటనని చాట్‌ల రాసియ్యమనుండ్రి. పార్సల్ విప్పేది వీడియో తీయుండ్రి. చాట్ డిలీట్ చెయ్యొద్దు, వాడు బ్లాక్ చేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండ్రి, ఫోన్‌పే ట్రాన్సాక్షన్ నంబర్ సుత. చెప్పినట్టు లేని సరుకు, నకిలీ సరుకు వాపస్ తీసుకోనని ఆన్‌లైన్‌ల అమ్మేటోడు అనేటందుకు లేదు, 2020ల వచ్చిన ఈ-కామర్స్ రూల్స్‌ల ఉన్నది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుంటరు, నేను చేసిన. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడ లేదు, మనం ఉన్న జిల్లాలనే కేసు ఎయ్యొచ్చు, హైదరాబాద్ చుట్టూ తిరిగే పని లేదు.

వాని దగ్గర కొరియర్‌ల తెప్పించుకున్నోళ్లు ఇయ్యాలనే సీడీలు తిప్పి చూడుండ్రి. నీలంగనో పచ్చగనో ఉంటే ఉంగరం ఫొటో, ఫోన్‌పే రసీదు నాకు మెసేజ్ చెయ్యుండ్రి. పాలమూరు దోస్తు కూడ కాయితాలు తయారు పెట్టిండు. ఎవరి జిల్లాల వాళ్లం ఏసినా, ఒకరి కాయితాలు ఇంకొకరికి సాక్ష్యం అయితయి.