పాత జోడుగొట్టాల తుపాకీకి ట్రిగ్గర్ పని: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఉద్దానంలో కవిటి వైపు మాకు కొబ్బరి, జీడి తోటలున్నాయి. పంట రక్షణ లైసెన్సు మీద నాన్నగారు ఉంచుకున్న పన్నెండు బోరు బాక్స్‌లాక్ తుపాకీ (పేల్చే యంత్రం గొట్టాల వెనక ఇనప దిమ్మె లోపలే ఇమిడి ఉండే రకం) తర్వాత నా పేరు మీదికి మారింది. బరువు 3 కిలోలు, ట్రిగ్గర్లు రెండు, గొట్టానికొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇంటి కప్పు ఎత్తేసిన రాత్రి అది బాగా తడిసింది. ఆ తర్వాత నుంచి ట్రిగ్గర్ లాగడం కష్టమైపోయింది. డమ్మీ తూటాలు వేసి, చేపలు తూచే స్ప్రింగ్ కాటా కొక్కేన్ని ట్రిగ్గర్‌కి తగిలించి లాగితే ముందుది 4 కిలోలు దాటింది, వెనకది ఇంకా ఎక్కువ.

అంత బలంగా లాగితే వేలుతో పాటు చెయ్యంతా కదులుతుంది, గొట్టం మూతి కిందికి వాలిపోతుంది. అడవి పందుల్ని మేం చంపం, చట్టం ఒప్పుకోదు. చప్పుడుకి బెదరాలని పైకి పేలుస్తాం. పైకి పోవాల్సిన తూటాలోని సీసపు రవ్వలు పక్క తోట వైపు వెళ్తే? నన్ను భయపెట్టింది అదే.

షాట్‌గన్‌కి పాత లెక్క ఒకటుంది: ట్రిగ్గర్ లాగుడు తుపాకీ బరువులో ఇంచుమించు సగం ఉండాలి, వెనకది ముందుదాని కంటే కాస్త గట్టిగా ఉండాలి. మొదటి గొట్టం పేలిన అదురుకి రెండోది తనంతట తాను పేలకూడదు కదా.

లైసెన్సున్న మేస్త్రీ దగ్గరికే తీసుకెళ్లాను. 1959 ఆయుధాల చట్టం కింద తుపాకులు రిపేరు చేసేవాళ్లకీ లైసెన్సు ఉండాలి. ఆయన దిమ్మె విప్పి చూపించాడు. లోపల తుప్పు, దాని మీద జిడ్డు గడ్డకట్టి ఉంది. మా దగ్గర ప్రతి ఇనప సామానుకీ కొబ్బరినూనే రాస్తారు. అది 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, ఏళ్లు గడిస్తే బంకలా తయారవుతుంది. మార్గశిరం వస్తే ట్రిగ్గర్ మరీ ఎందుకు బిగుసుకునేదో అప్పుడు అర్థమైంది. కిరసనాయిలుతో కడిగి, తుప్పు తీసి, పలుచటి నూనె చుక్క వేసేసరికే కిలోకి పైగా తగ్గింది.

మిగతాది సియర్ పని. తూటాని కొట్టి పేల్చే భాగం హ్యామర్; ఎక్కుపెట్టిన హ్యామర్‌ని పట్టి ఉంచే చిన్న ఉక్కు ముక్క ఈ సియర్, హ్యామర్ గాడిలో కూర్చుంటుంది. ఆ రెండూ రాసుకునే చోట గరుకు పోయేదాకా సన్న నూనెరాయితో నునుపు చేశాడు, కోణం మాత్రం ముట్టుకోలేదు. ఇంకా తేలిక చెయ్యమని అడిగితే, “ఏటి బాబూ, గాడి అరగదీసేస్తే తుపాకీ మూసినప్పుడే పేల్తాది. అప్పుడెవరిది పూచీ?” అన్నాడు. ఆ మాటకి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఉక్కు మీద గట్టి పొర పలచగా ఉంటుంది, అది పోతే లోపలి మెత్తటి లోహం త్వరగా అరిగిపోతుంది. పైగా ఇలాంటి తుపాకుల్లో సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) చాలావరకు ట్రిగ్గర్‌నే ఆపుతుంది, హ్యామర్‌ని కాదు. సియర్ జారితే సేఫ్టీ వేసి ఉన్నా లాభం లేదు. అందుకే ఇచ్చే ముందు డమ్మీలతో ఎక్కుపెట్టి, సేఫ్టీ తీసి, తుపాకీ మడమ (భుజానికి ఆనించే చివర) మీద రబ్బరు సుత్తితో కొట్టి, హ్యామర్ జారడం లేదని నా ఎదుటే చూపించాడు.

ముందుది 1.8 కిలోలకి, వెనకది 2 కిలోల పైకి వచ్చి ఆగాయి. ఏళ్లు గడిచినా కాటా మీద పెద్ద తేడా రాలేదు. అయితే తూకం కంటే నాకు నచ్చింది మధ్యలో ఎక్కడా పట్టేయకుండా ఒక్కసారిగా శుభ్రంగా విడవడం. మూతి వాలడం పోయింది. ట్రిగ్గర్ బరువు అని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామందిది నిజానికి గరుకే అని నా నమ్మకం.

లోపం లేకపోలేదు. సముద్రపు గాలికి ఉప్పు ఊరుకోదు, వానలకి ముందు ఏటా విప్పించి శుభ్రం చేయించాల్సిందే. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేస్తాం కదా, నెలల తర్వాత తెచ్చుకోగానే తూటా పెట్టకుండా ముందు కాటా వేసి చూసుకుంటాను. తూకం పెరిగితే నూనె ఎండిందని అర్థం, ఉన్నట్టుండి తగ్గితే మాత్రం దాన్ని వాడకుండా నేరుగా మేస్త్రీకి ఇవ్వాలి. బయట ఇనుముకి కొబ్బరినూనె రాసుకోండి, ఫరవాలేదు. లోపలికి మాత్రం కుట్టుమిషను నూనె, అదీ ఒక్క చుక్క.