ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్: హాయి చేతికి, టకటక చెవికి

ఈ స్టీరింగ్ మీద నా కోపమంతా బొటనవేలంత రబ్బరు ముక్క గురించి. మోటారు బాగుంది, సెన్సర్లు బాగున్నాయి, కంట్రోల్ యూనిట్ ఇన్నేళ్ళలో ఏనాడూ మొరాయించలేదు. స్టీరింగ్ తిప్పడానికి సాయం చేసే మోటారుకీ, ఆ సాయాన్ని స్టీరింగ్‌కి అందించే వర్మ్ గేరుకీ (మర లాంటి గేరు) మధ్య ఉండే రబ్బరు కప్లింగ్ ఒక్కటే అరిగింది. ఆ ఒక్కదాని కోసం కాలమ్ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి దిగే కడ్డీ, దాని గూడు) మొత్తం మార్చాలని వర్క్‌షాపు వాళ్ళు తేల్చేశారు.

ఇది కాలమ్ మీదే మోటారు బిగించిన రకం. 1988లో సుజుకి సెర్వోతో మొదలైన ఏర్పాటు ఇది, చిన్న కార్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఇదే. మోటారు ఇంజిన్ వేడికీ వాననీటికీ దూరంగా డాష్‌బోర్డు కింద కూర్చుంటుంది. లాభం అదే, చిక్కూ అదే: లోపల ఏ చిన్న వదులు వచ్చినా చప్పుడు మోకాళ్ళ దగ్గరే మోగుతుంది.

చప్పుడు మొదట్లో గతుకుల రోడ్డు మీద, అదీ నెమ్మదిగా వెళ్తున్నప్పుడే వచ్చింది. హైవే మీద ఏమీ లేదు. దాంతో అందరి అనుమానం సస్పెన్షన్ మీదికే పోతుంది. లింక్ రాడ్లు మార్చారు, టై రాడ్ ఎండ్లు చూశారు, ఆఖరికి ముందు చక్రాల్ని అటూ ఇటూ తిప్పే ర్యాక్ పోయిందన్నారు. టకటక మాత్రం అలాగే ఉంది. స్కానర్ పెడితే ఒక్క లోపం కోడూ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే పోయింది కరెంటు వైపు కాదు. చేతి బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ చెప్పాల్సింది చెబుతోంది, మోటారు తిరగాల్సినంత తిరుగుతోంది, మధ్యలో రబ్బరు అరిగి సందు వచ్చిందని కంట్రోల్ యూనిట్‌కి తెలిసే దారి లేదు.

చక్రానికి గతుకు తగిలినప్పుడు ఆ కుదుపు ర్యాక్, దాన్ని కదిపే పినియన్ (చిన్న పళ్ళచక్రం) మీదుగా పైకొచ్చి వర్మ్‌ని కదుపుతుంది. కప్లింగ్ బాగుంటే రబ్బరు దాన్ని మింగేస్తుంది. అరిగితే మోటారు షాఫ్టు పళ్ళూ వర్మ్ షాఫ్టు పళ్ళూ నేరుగా కొట్టుకుంటాయి. అదే ఆ టక్.

పట్టుకోవడం తేలికే. కారు ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, చక్రాలు తిన్నగా పెట్టి స్టీరింగ్‌ని అటూ ఇటూ రెండేసి అంగుళాలు చకచకా ఊపాలి. ఇంకొకరు డాష్‌బోర్డు కింద కాలమ్ మీద చెయ్యి వేసి చూడాలి. దెబ్బ మోటారు గూడు దగ్గర చేతికి తెలిస్తే కప్లింగ్. కింద కాలమ్‌నీ ర్యాక్‌నీ కలిపే ఇంటర్మీడియట్ షాఫ్టు జాయింట్ దగ్గర తెలిస్తే అది వేరే కథ. ఈ పరీక్ష అయ్యేదాకా ర్యాక్ జోలికి ఎవర్నీ పోనివ్వకండి.

కప్లింగ్ ఒక్కటే మార్చడానికి పట్టే టైమంతా కాలమ్ దింపడానికే. ముందు చక్రాలు తిన్నగా ఉంచి బ్యాటరీ నెగటివ్ తీయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాకే చెయ్యి పెట్టాలి. స్టీరింగ్ వీల్ తీశాక క్లాక్ స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు అందించే వైరు చుట్ట) తిరిగిపోకుండా టేపు వేయాలి. మరిస్తే బిగించాక ఒక వైపు తిప్పగానే లోపలి రిబ్బన్ వైరు తెగుతుంది. ఇంటర్మీడియట్ షాఫ్టు ఊడదీసే ముందు స్ప్లైన్ (షాఫ్టు మీది గాళ్ళు) మీద పెయింట్ గుర్తు పెట్టాలి. కాలమ్ చేతికొచ్చాక మోటారు బోల్టులు విప్పి తిన్నగా లాగితే అంతే. పాత కప్లింగ్ నల్లటి పొడై రాలింది, అసలు ఆకారమే మిగల్లేదు. ఆ పొడి మొత్తం తుడిచాకే కొత్తది పెట్టాలి. వర్మ్ చక్రం పళ్ళు ప్లాస్టిక్‌వి, కాబట్టి చేతికందిన గ్రీజు అక్కడ పూయకూడదు. బిగించాక స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని స్కానర్‌తో సున్నాకి తేవాలి. లేకపోతే స్థిరత్వ నియంత్రణ లైటు వెలిగే ఉంటుంది.

తేలికదనం గురించి మొదట్లో తెగ పొగిడాను. పార్కింగ్‌లో ఒక వేలితో తిరుగుతుందన్న మాట ఇప్పటికీ నిజమే. కానీ ఆ తేలికదనం కొన్నిటిని దాచేస్తుంది. ముందు టైర్లలో గాలి తగ్గితే మామూలు స్టీరింగ్ బరువెక్కి చెబుతుంది. ఇక్కడ ఆ బరువు మోటారు మోసేస్తుంది, మనకు తెలిసేది టైరు అంచులు అరిగాకే. అందుకని గాలి గేజీతోనే చూసుకోవాలి, చేతిని నమ్మకూడదు.

ఇరుకులో స్టీరింగ్‌ని ఇక తిరగనంత చివరిదాకా తిప్పి, ఆ ఫుల్ లాక్‌లో బిగించి పట్టుకుంటే కాసేపటికి స్టీరింగ్ గట్టిపడుతుంది. అది రిపేరు కాదు, మోటారు వేడెక్కి సాయం తగ్గించుకోవడం. చల్లారాక మామూలైపోతుంది. లాక్ తగిలాక కొంచెం వెనక్కి వదిలితే ఆ పరిస్థితే రాదు.

స్టీరింగ్ హెచ్చరిక లైటు వెలిగి స్టీరింగ్ ఒక్కసారిగా బండబారిందంటే మాత్రం ముందు బ్యాటరీ టెర్మినళ్ళు చూడండి. కారు నిలబడి ఉండగా చక్రాలు తిప్పితే మోటారు 40 ఆంపియర్లు దాటి లాగడం మామూలే. 50 ఆంపియర్ల దగ్గర ఎర్త్ వైరు కొసలో 0.02 ఓం అడ్డు ఉన్నా ఒక వోల్టు అక్కడే ఆవిరైపోతుంది. ఇంజిన్ ఆన్‌లో స్టీరింగ్ తిప్పుతూ బ్యాటరీ నెగటివ్‌కీ బాడీకీ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టు లోపు ఉండాలి. ఎక్కువ చూపిస్తే ఆ ఎర్త్ వైరు బోల్టు విప్పి తుప్పు గీకి బిగించాలి, కంట్రోల్ యూనిట్ కొనడం కాదు.

నా వాడకం ఎక్కువగా ట్రాఫిక్‌లో, గంటకు 60 లోపే. ఈ వాడకానికి మళ్ళీ కొన్నా కాలమ్ రకమే కొంటాను, కప్లింగ్ విడిగా దొరుకుతుందో లేదో కనుక్కున్నాక. రోజూ హైవే మీద దూరాలు వెళ్ళేవాళ్ళయితే మోటారు ర్యాక్ మీదే ఉన్న కారు ఒకసారి నడిపి చూడండి, రోడ్డు చేతికి ఇంకాస్త తెలుస్తుంది. కానీ అందులో బూటు (ర్యాక్ కొసని కప్పే రబ్బరు తొడుగు) చిరిగి నీళ్ళు చేరి, మోటారు బలాన్ని ర్యాక్‌కి అందించే బాల్ స్క్రూ తుప్పు పడితే ర్యాక్ మొత్తం మార్చాల్సి వస్తుంది, కాబట్టి ప్రతి సర్వీసుకీ కిందికి దూరి ఆ బూట్లు చూపించుకోవాలి.